కేసులు తక్కువ ఉన్నాయని అడవి రోడ్డును సేఫ్ అనేయొచ్చా?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్తాను. నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకే తెలుస్తుంది. విశాఖలో హనుమంతవాక నుంచి ఆరిలోవ, ముడసర్లోవ మీదుగా అడవివరం వెళ్లే రోడ్డు మీద ఎం.టెక్ ప్రాజెక్టు చేస్తున్నారు. కంబాలకొండ అభయారణ్యం పక్కన సాగే ముక్కలో మూడేళ్ల రోడ్డు ప్రమాదాల పోలీసు కేసులు చేతివేళ్ల మీద లెక్కపెట్టేన్నే ఉన్నాయి. ప్రమాదాలు ఎక్కువగా జరిగే చోటు, అంటే బ్లాక్‌స్పాట్, అనడానికి పెట్టుకున్న ప్రమాణానికి అవి దరిదాపుల్లో లేవు. అందుకని మీ గైడ్ గారు "లో రిస్క్ అని రాసేసి అరకు ఘాట్ తీసుకోండి" అన్నారు. రాత్రిపూట ఆ రోడ్డులో బండి నడిపిన మీకు మాత్రం అలా అనిపించడం లేదు. చివర్లో, రాత్రి రోడ్డు మూసేస్తే సరిపోదా అని కూడా అడిగారు.

మీ అనుమానమే సరైనది. గైడ్ గారు చెప్పింది కూడా అబద్ధం కాదు, ఆ రోడ్డు బ్లాక్‌స్పాట్ కాదు. కానీ బ్లాక్‌స్పాట్ కాకపోవడం వేరు, రిస్కు లేకపోవడం వేరు.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ నిర్వచనం ప్రకారం, జాతీయ రహదారిలో సుమారు 500 మీటర్ల ముక్కలో మూడు క్యాలెండర్ ఏళ్లలో చావులు లేదా తీవ్రగాయాలున్న ప్రమాదాలు 5 జరిగినా, లేదంటే మొత్తం 10 మంది చనిపోయినా అది బ్లాక్‌స్పాట్. ఇప్పటికే జరిగిన నష్టం ఒకచోట కుప్ప పడితే పట్టుకునే జల్లెడ అది. ఉన్న డబ్బు ముందు ఎక్కడ ఖర్చు పెట్టాలో తేల్చుకోవడానికి బాగా పనికొస్తుంది. అడవి రోడ్డులో ప్రమాదాలు అలా కుప్ప పడవు. జంక్షన్‌లో బండ్లు రోజూ ఒకే పాయింటులో అడ్డం పడతాయి. అడవిపంది ఇవాళ ఈ మలుపులో దిగితే రేపు అరకిలోమీటరు అవతల దిగుతుంది. రోడ్డు పొడవునా చెల్లాచెదురుగా ఉన్న రిస్కును ఈ జల్లెడలో పోస్తే అంతా కిందికి జారిపోతుంది.

ఇది నాకు పుస్తకాల్లో కాదు, తల బొప్పి కట్టి తెలిసింది. ముప్పై ఏళ్లు రోడ్ల పని చేశాను, అందులో చివరి పదేళ్లు సేఫ్టీ ఆడిట్లలోనే తిరిగాను. ఒక అడవి రోడ్డు ఆడిట్‌లో స్టేషన్ రిజిస్టరు తిరగేస్తే జంతువు వల్ల జరిగిన ప్రమాదం ఒక్కటీ కనిపించలేదు. "జంతువుల వల్ల రిస్కు: స్వల్పం" అని నా చేత్తో నేనే రాశాను. నెల తర్వాత వేరే పని మీద అటు వెళ్లి టీ తాగుతుంటే, కొట్టు ఆయన మాటల్లో "మా బావమరిది కాలు పంది అడ్డొచ్చే పోయింది సార్" అన్నాడు. ఏ రోజు, ఎక్కడ అని అడిగాను. ఆ కేసు రిజిస్టరులో ఉంది, నేను చదివాను కూడా. "ద్విచక్ర వాహనం అదుపుతప్పి" అని రాసి ఉంది, అంతే. మళ్లీ కూర్చుని చదివితే ఎదురుగా ఏ బండీ లేకుండా, తిన్నటి రోడ్డు మీద, రాత్రిపూట "అదుపుతప్పినవి" ఇంకొన్ని తేలాయి. నా రిపోర్టు అప్పటికే పైకి వెళ్లిపోయింది. ఆ పేజీ మార్చమని రెండు ఉత్తరాలు రాసినా పై ఆఫీసులో ఎవరూ కదల్లేదు.

కాబట్టి మీ మొదటి పని ఫీల్డులో కాదు, ఆ "అదుపుతప్పి" అనే మాట దగ్గర. ఎఫ్‌ఐఆర్ అంటే ఎవరో ఒకరి మీద కేసు. పంది మీద కేసు పెట్టలేరు కదా. చాలాసార్లు పడ్డవాడికే ఏం అడ్డొచ్చిందో తెలియదు. తెలిసినా, అటవీ శాఖ కేసు తన మెడకు చుట్టుకుంటుందేమోనని చెప్పడు. అందుకే ఒంటరి వాహనం, చీకటి, తిన్నటి రోడ్డు లేదా మామూలు వంపు, మద్యం ప్రస్తావన లేదు, ఈ నాలుగూ కలిసిన కేసులన్నీ విడిగా తీసి పెట్టుకోండి. వాటన్నిటికీ జంతువే కారణమని అనకండి. గుంత కావచ్చు, ఇసుక కావచ్చు, నిద్ర కావచ్చు. "కారణం తెలియని ఒంటరి ప్రమాదాలు" అని ఒక గడి పెట్టండి చాలు. ఐఐటీ మద్రాసు తయారు చేసిన ఐరాడ్ అనే రోడ్డు ప్రమాదాల డేటాబేస్‌లో పోలీసులు ఇప్పుడు జీపీఎస్ స్థానంతో సహా నమోదు చేస్తున్నారు. కాలేజీ లెటర్‌హెడ్ మీద అడిగితే పేర్లు తీసేసి ఇచ్చే అవకాశం ఉంటుంది.

పోలీసు రిజిస్టరు ఒక్కటే చూడకండి. అటవీ శాఖ రేంజి ఆఫీసులో చనిపోయిన జంతువుల నమోదు ఉంటుంది. 108 వాళ్ల దగ్గర కాల్ ఎక్కడి నుంచి వచ్చిందో ఉంటుంది. ఆసుపత్రిలో మెడికో లీగల్ రిజిస్టరు (పోలీసులకు తెలపాల్సిన గాయాల నమోదు) ఉంటుంది, అక్కడ "బైక్ స్కిడ్" అని రాస్తారు. ఒకే రాత్రి జరిగిన ఒకే సంఘటన ఈ మూడు చోట్లా మూడు పేర్లతో ఉంటుంది, లేదా ఒక్కచోటే ఉంటుంది. తేదీ, సమయం పెట్టి ఈ మూడింటినీ కలపడం విసుగు పుట్టించే పనే. కానీ మీ ప్రాజెక్టులో ఎవరూ చేయని భాగం అదే అవుతుంది.

ఇప్పుడు లెక్కకు వద్దాం. కేసుల సంఖ్యను అలాగే పోల్చకూడదు, ఎన్ని బండ్లు ఎంత దూరం తిరిగాయన్నదానితో భాగించాలి. దీన్ని వాహన కిలోమీటర్లు అంటారు. కింది అంకెలు నేను ఉదాహరణకు పెట్టుకున్నవి, మీ రోడ్డువి కావు. అడవి పక్క ముక్క 6 కిలోమీటర్లు, రోజుకు 5,000 బండ్లు అనుకుందాం. మూడేళ్లకు 5,000 × 365 × 3 × 6, అంటే సుమారు 3.3 కోట్ల వాహన కిలోమీటర్లు. కేసులు 4 అయితే కోటికి 1.2. ఊళ్లో అంతే పొడవున్న రోడ్డు మీద రోజుకు 40,000 బండ్లు, 24 కేసులు అనుకోండి. 26.3 కోట్లకు 24, అంటే కోటికి 0.9. కేసుల్లో ఆరో వంతే ఉన్న అడవి రోడ్డు, బండికి కిలోమీటరు చొప్పున చూస్తే ఊరి రోడ్డు కంటే ముందుంది.

అక్కడితో ఆగకండి. పగలూ రాత్రీ విడదీయండి. అడవి ముక్కలో రాత్రి 7 నుంచి ఉదయం 6 దాకా తిరిగేది ట్రాఫిక్‌లో ఐదో వంతే అనుకుని, 4 కేసుల్లో 3 ఆ వేళలోనే జరిగాయనుకుంటే, రాత్రి రేటు కోటికి 4.6, పగటి రేటు 0.4. పన్నెండు రెట్లు తేడా. "ఈ రోడ్డు రిస్కు ఎంత" అని ఒకే అంకె అడిగితే ఇది కనపడదు. అడవి రోడ్డు పగలు ఒక రోడ్డు, చీకటి పడ్డాక ఇంకో రోడ్డు. రెండింటికీ రెండు అంచనాలు రాయండి.

అయితే ఇంత చిన్న సంఖ్యల మీద ఎక్కువ బరువు పెట్టకండి. మూడేళ్లలో 4 కేసులు కనిపించాయంటే, పాయిసాన్ లెక్కన (అరుదుగా జరిగేవాటి సంఖ్యను అంచనా వేసే గణాంక పద్ధతి) 95 శాతం నమ్మకంతో అసలు సగటు 1 నుంచి 10 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. ఇంకో విధంగా చూడండి. అసలు సగటు 4 అయిన రోడ్డులో మీరేమీ చేయకపోయినా, తర్వాతి మూడేళ్లలో ఒకటో సున్నాయో మాత్రమే జరిగే అవకాశం 9 శాతం ఉంది. ఆ మధ్యలో ఎవరైనా జింక బొమ్మ బోర్డు పాతి ఉంటే "బోర్డు పెట్టాం, ప్రమాదాలు తగ్గాయి" అని పేపర్లో వస్తుంది. ఇలాంటి విజయాలు నేను చాలా చూశాను.

కేసులు సరిపోనప్పుడు ఏం కొలవాలి? నా అనుభవంలో జవాబు ఒక్కటే. బండి ఎంత వేగంతో వెళ్తోంది, ఆ వేగానికి ఆగడానికి ఎంత దూరం కావాలి, డ్రైవరుకు నిజంగా ఎంత దూరం కనిపిస్తోంది. మొదటిదాన్ని బట్టి వచ్చే రెండోది, మూడోదాని కంటే ఎక్కువగా ఉన్న ప్రతి చోటా ప్రమాదం సిద్ధంగా ఉన్నట్టే. అది జరిగిందా లేదా అన్నది ఆ క్షణంలో అటు ఎవరు వచ్చారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పట్టికలో ఆగే దూరాలు మీకు తెలిసినవే. గంటకు 40 కిలోమీటర్లకు 45 మీటర్లు, 50కి 60, 60కి 80, 80కి 120. డ్రైవరు చూసి బ్రేకు నొక్కడానికి 2.5 సెకన్లు పడుతుందన్న లెక్కతో వచ్చిన దూరాలివి. లైటు డిమ్‌లో ఉన్నప్పుడు చీకటి రోడ్డు మీద రంగులేని వస్తువు 45 మీటర్ల దగ్గర కనిపించిందనుకుందాం. అడవిపంది రంగు తారు రంగే, రిఫ్లెక్టరు ఉండదు. 40 మీద వెళ్తున్నవాడు సరిగ్గా దాని ముందు ఆగుతాడు. 50 మీద ఉన్నవాడు బ్రేకు వేసినా సుమారు 39 కిలోమీటర్ల వేగంతో గుద్దుతాడు. 60 మీద ఉన్నవాడి సంగతి చూడండి. స్పందించేలోపే 42 మీటర్లు అయిపోతాయి, మిగిలిన 3 మీటర్లలో బ్రేకు చేసేదేమీ ఉండదు, 57 మీద గుద్దుతాడు. అంటే 60కి బ్రేకు ఉన్నా లేనట్టే.

అప్రమత్తంగా ఉన్న కుర్రాడు 2.5 సెకన్ల కంటే ముందే బ్రేకు వేస్తాడు, నిజమే. కానీ సింహాచలం దర్శనం చేసుకుని, వెనక సీట్లో నిద్రపోయే పిల్లతో ఇంటికి వెళ్లే తండ్రిని లెక్కలోకి తీసుకుని రోడ్డు వేయాలి. దిగుడులో దూరం ఇంకా పెరుగుతుంది. 6 శాతం దిగుడులో 60 మీద వెళ్లే బండికి 80 కాదు, దాదాపు 90 మీటర్లు కావాలి.

మీరు చేయాల్సిందల్లా ఇది. రోడ్డును 100 మీటర్ల ముక్కలుగా విడగొట్టండి. ప్రతి ముక్కలో ఎదురుగా చూపు ఎంత దూరం ఆనుతుందో కొలవండి. డ్రైవరు కన్ను ఎత్తు 1.2 మీటర్లు, అడ్డం వచ్చే వస్తువు ఎత్తు 0.15 మీటర్లు అని పట్టికలో ఉంటుంది. తర్వాత వేగం. దీనికి కనీసం నాలుగైదు చోట్ల రాడార్ గన్‌తో పగలూ రాత్రీ విడిగా 85వ పర్సెంటైల్ వేగం (నూటికి 85 బండ్లు దాటని వేగం) తీయండి. ముందు బండి వెనక చిక్కుకున్న వాళ్లను వదిలేసి, ఖాళీ రోడ్డు మీద స్వేచ్ఛగా వెళ్లేవాళ్లనే లెక్కించండి. సరాసరి వేగం తీస్తే మోసపోతారు. ఆటోలు, అప్పన్న దర్శనానికి వెళ్లే కుటుంబాలు సరాసరిని కిందికి లాగేస్తారు, ఆ చివర ఎగిరిపోయే బైకులు కనపడవు. వేగం మీద ఇంత పట్టు ఎందుకంటే, సగటు వేగం 1 శాతం పెరిగితే చావులున్న ప్రమాదాల రిస్కు సుమారు 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది.

రోడ్డు కూడా తన కథ చెబుతుంది, చూడడం తెలియాలి. నల్లటి బ్రేకు గీతలు ఎక్కడ మొదలై ఎటు తిరిగాయి, క్రాష్ బ్యారియర్ మీద ఏ రంగు పెయింటు గీసుకుంది, మైలురాయి ఏ పక్కకు ఒరిగింది, ఇండికేటర్ గాజు ముక్కలు ఎక్కడ పడున్నాయి, ఇవన్నీ కేసు కాని ప్రమాదాలు. మీ 100 మీటర్ల ముక్కల పట్టికలో వాటికి ఒక వరుస ఇవ్వండి. టీ కొట్టువాళ్లను, పాలు పోసేవాళ్లను, పొద్దున్నే ఊడ్చే జీవీఎంసీ (నగరపాలక సంస్థ) కార్మికులను అడగండి. ఆ రోడ్డులో పడ్డవాళ్లను మొదట లేపేది వాళ్లే.

జంతువుల సంగతి కొంచెం విడిగా చెప్పాలి, మన సివిల్ వాళ్లం తడబడేది ఇక్కడే. కంబాలకొండ సుమారు 70 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం, 2002లో ప్రకటించారు. చుట్టూ నగరం, ఒక పక్క ఎన్‌హెచ్-16, ఆ హైవే అవతల జూపార్కు. చిరుత, కణుజు, చుక్కల దుప్పి, అడవిగొర్రె, అడవిపంది, నక్క, అలుగు, ఏదుపంది, పునుగుపిల్లి, కొండచిలువ, రక్తపింజరి, ఇవన్నీ ఆ కొండల్లో ఉండేవే. వీటిలో మనిషికి ప్రమాదం తెచ్చేవి వేరు, రోడ్డు వల్ల చచ్చేవి వేరు. బైకును పడగొట్టేది పంది, కణుజు, ఊరకుక్క. చక్రం కింద నలిగేది పాము, ఉడుము, కప్ప, అలుగు. రెండూ ఒకే పట్టికలో కలిపేస్తే పనికిరాదు. మ్యాపు మాత్రం ఒకటే వేయండి, ఎందుకంటే రెండింటికీ విరుగుడు ఒకటే. ఉడుము కోసం తగ్గిన వేగం బైకువాడికీ పనికొస్తుంది.

అవి ఎక్కడ దాటుతాయి? గెడ్డ (వాగు) రోడ్డును ఖండించే చోట, రెండు వైపులా చెట్లు దగ్గరగా వచ్చే చోట, ప్రహరీ గోడ తెగిన చోట, చెత్త పోసే చోట. చివరిది మన విశాఖ ప్రత్యేకం కాదు గానీ ఇక్కడ మరీ ఎక్కువ. హోటల్ చెత్త రోడ్డు పక్కన పడేస్తే కుక్కలు, పందులు చేరతాయి. కుక్కల కోసం చిరుత దిగుతుంది. కొండలో తిరగాల్సిన జంతువును రోడ్డు అంచుకు పిలిచింది మనమే అవుతాం. వేళ విషయానికొస్తే సందె చీకటి, తెల్లవారుజాము. వేసవిలో నీళ్ల కోసం కిందికి దిగుతాయి, తొలకరి తర్వాత పాములు, కప్పలు రోడ్డెక్కుతాయి. పని ముగించుకుని జనం ఇళ్లకు వెళ్లే వేళా ఆ సందె చీకటే.

చచ్చిన జంతువుల సర్వేకి తెల్లవారకముందే బయల్దేరాలి. ఆరు దాటితే కాకులు, కుక్కలు శుభ్రం చేసేస్తాయి. చిన్న ప్రాణులైతే కొన్ని గంటలు కూడా మిగలవు. తొమ్మిదింటికి కారులో వెళ్లి "ఏమీ లేవు" అని రాసిన సర్వేలు ఉన్నాయి, నవ్వాలో ఏడవాలో తెలియదు. నడుస్తూ లేదా 20 లోపు వేగంతో స్కూటర్ మీద, వారానికి రెండుసార్లు, కనీసం ఒక వేసవి, ఒక వర్షాకాలం. ఫొటో, జీపీఎస్ పాయింటు, అంతే. ముట్టుకోవద్దు, తీసుకెళ్లొద్దు. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చనిపోయిన వన్యప్రాణి కూడా ప్రభుత్వ ఆస్తి.

ఒక రోజును మాత్రం మీ ట్రాఫిక్ లెక్కలోంచి పక్కన పెట్టండి. ఆషాఢ పౌర్ణమికి జరిగే గిరిప్రదక్షిణ. 32 కిలోమీటర్ల ఆ దారిలో అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక ముక్క కూడా ఉంది. ఆ రోజు బండ్లను మళ్లిస్తారు, రోడ్డు నిండా జనం నడుస్తారు. ఆ రోజు కౌంటు కలిపితే సంవత్సరం సగటే తారుమారవుతుంది. కానీ పాదచారుల సంగతి విడిగా రాయండి. ఆ రోజే కాదు, శనివారాల్లో కూడా తెల్లవారుజామున కాలినడకన కొండకు వెళ్లేవాళ్లు ఉంటారు, ఎక్కువమంది ముదురు రంగు బట్టల్లో, రోడ్డుకు ఎడమ వైపున, వచ్చే బండికి వీపు చూపిస్తూ.

అరకు ఘాట్ గురించి కొద్దిగానే చెప్తాను. అది మంచి సబ్జెక్టే, కానీ వేరే సబ్జెక్టు. అనంతగిరి వైపు అభయారణ్యం కాదు, రిజర్వు ఫారెస్టు. అక్కడ ప్రధాన శత్రువు లోయ. 2021 ఫిబ్రవరి 12 సాయంత్రం డముకు దగ్గర పర్యాటకుల బస్సు లోయలో పడి నలుగురు చనిపోయారు. అక్కడ చూడాల్సింది దిగుడు పొడవు, వేడెక్కే బ్రేకులు, మైదానంలో నడిపిన అలవాటుతో న్యూట్రల్‌లో దింపే డ్రైవర్లు, మంచు, బ్యారియర్ నాణ్యత, కోతులకు బిస్కెట్లు వేయడానికి మలుపులోనే ఆపే కార్లు, తెల్లవారుజామున మేఘాలు చూడాలని అర్ధరాత్రి విశాఖలో బయల్దేరే బైకులు. ఇంకో చిక్కు కూడా ఉంది. పెందుర్తి దాటాక కొత్తవలస, శృంగవరపుకోట విజయనగరం జిల్లా, అనంతగిరి 2022 ఏప్రిల్ నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా. ఒకే ప్రయాణానికి మూడు జిల్లాల రికార్డులు. ఒక సెమిస్టరులో అవన్నీ మీ చేతికి వస్తాయని నేననుకోను. ఘాట్ నుంచి ఒక్క పాఠం మాత్రం తెచ్చుకోండి. గాయపడ్డవాడు ఆసుపత్రికి చేరే సమయం కూడా రిస్కులో భాగమే. మోటారు వాహనాల చట్టమే 2019 సవరణతో గాయమైన తర్వాతి మొదటి గంటను గోల్డెన్ అవర్ అని నిర్వచించింది. మీ రోడ్డులో పగలు కేజీహెచ్ ఆసుపత్రి దూరం కాదు. రాత్రి రెండింటికి బ్యారియర్ అవతల పొదల్లో పడ్డవాడు ఎవరికీ కనపడకపోతే ఆ గంట అక్కడే అయిపోతుంది. ఫోన్ సిగ్నల్ లేని ముక్కలు, రాత్రి జన సంచారం లేని ముక్కలు గుర్తించి తీవ్రత గడిలో వేయండి.

ఇక పరిష్కారాలు, అందులో మీ చివరి ప్రశ్న. రాత్రి మూసివేతకు మన దగ్గరే ఉదాహరణలున్నాయి. నల్లమలలో దోర్నాల నుంచి శ్రీశైలం దారిని రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూస్తారు. బందిపూర్‌లో 2009 నుంచి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా నిషేధం ఉంది, దాన్ని కర్ణాటక హైకోర్టు సమర్థించింది. అక్కడ అది సాధ్యమైంది ఎందుకంటే అది పులుల అడవి, రోడ్డు దాని నడిబొడ్డున ఉంది, రాత్రి అటు వెళ్లేవాళ్లలో ఎక్కువమందిది దూరప్రయాణం, వాళ్లకు వేరే దారో వేరే సమయమో దొరుకుతుంది. ముడసర్లోవ దారి అలాంటిది కాదు. ఒక చివర ఆరిలోవ, ఇంకో చివర అడవివరం, మధ్యలో రోజూ షిఫ్టు దిగి ఇంటికి వెళ్లే మనిషి. దాన్ని మూస్తే ఆ ట్రాఫిక్ మొత్తం హైవే మీద పడుతుంది. హైవే వేగాలు ఇంకా ఎక్కువ, దానికి ఒక పక్క కంబాలకొండే. రిస్కును కొండకు ఇటు నుంచి అటు జరిపినట్టు అవుతుంది తప్ప తగ్గదు. రాత్రి వేగ పరిమితి 40, దాన్ని నిలబెట్టే రంబుల్ స్ట్రిప్స్ (చక్రం కింద గరగరలాడే అడ్డపట్టీలు), సగటు వేగం కొలిచే కెమెరా, ఇవి అడగండి. 40 అనే అంకె ఎక్కడిదో పైన లెక్క చూపించాను కాబట్టి మిమ్మల్ని ఎవరూ ఎదురు ప్రశ్నించలేరు.

మన వాళ్లు మొదట అడిగేది వీధి దీపాలు. మనుషులు దాటే చోట్ల పెట్టాలి, కాదనను. పొడవునా పెడితే కొన్ని జంతువులు వెలుతురుకు బెదిరి చీకటి ముక్కలకు మారతాయి, వెలుతురు చూసి డ్రైవరు ఇంకో పది పెంచుతాడు. రెండో డిమాండు జంగిల్ క్లియరెన్స్. లోపలి వంపుల్లో పొదలు కొట్టేస్తే చూపు దూరం పెరుగుతుంది, మంచిదే. కానీ కొట్టిన చోట తొలకరికి లేత గడ్డి మొలుస్తుంది, దుప్పి దానికోసమే రోడ్డు అంచుకు వస్తుంది. కొడితే ఏడాదికి ఒకసారి కాదు, అవసరమైనన్నిసార్లు కొట్టాలి, లేదా కొట్టకుండా వేగం తగ్గించాలి. మధ్యలో కాంక్రీటు డివైడరు గోడ కట్టే ఆలోచన ఎవరైనా చేస్తే గట్టిగా అభ్యంతరం రాయండి. సగం దాటిన జంతువు గోడ దగ్గర చిక్కుకుని అదే లేన్‌లో అటూ ఇటూ పరుగెడుతుంది.

నా ఓటు మాత్రం కల్వర్టులకు. పెంచ్ పులుల అడవి దగ్గర ఎన్‌హెచ్-44 కింద జంతువుల కోసం 9 నిర్మాణాలు కట్టారు, పొడవైనది 750 మీటర్లు, పులులు సహా వాటి కింద నుంచి వెళ్తున్నట్టు కెమెరాల్లో నమోదైంది. ఆ స్థాయి డబ్బు మన రోడ్డుకు ఎవరూ ఇవ్వరు. కానీ గెడ్డల మీద ఉన్న కల్వర్టులు ఇప్పటికే ఉన్నాయి, వాటిలో ప్లాస్టిక్, కట్టుబడి చెత్త నిండి ఉంది. శుభ్రం చేసి, లోపల ఒక పక్క తడవని అడుగు వెడల్పు గట్టు కట్టి, నోటి దగ్గర రెండు వైపులా కొద్ది దూరం కంచె వేస్తే నక్క, ఏదుపంది, పునుగుపిల్లి స్థాయి జంతువులకు దారి దొరుకుతుంది. కణుజు అందులో దూరదు, దానికి వేగ పరిమితే దిక్కు. భారత వన్యప్రాణి సంస్థ 2016లో రోడ్లు, రైలు, విద్యుత్ లైన్ల మీద విడుదల చేసిన మార్గదర్శకాలు ఒకసారి చదవండి. కల్వర్టుల కొలతలు అందులో దొరుకుతాయి.

ఫీల్డుకు వెళ్లే ముందు రెండు మాటలు. అభయారణ్యం గుండా పబ్లిక్ రోడ్డు మీద ప్రయాణించడానికి అనుమతి అక్కర్లేదని చట్టంలోనే ఉంది. రోడ్డు దిగి కల్వర్టు కిందకో, కొండ ఎక్కడానికో అడుగు పెడితే మాత్రం అనుమతి కావాలి. కాబట్టి గైడ్ గారితో అటవీ శాఖకు ముందే ఉత్తరం పెట్టించండి, కెమెరా ట్రాప్ (జంతువు కదిలితే తనే ఫొటో తీసే కెమెరా) డేటా ఉంటే అదే ఉత్తరంలో అడగండి. సర్వేలో రిఫ్లెక్టరు జాకెట్ వేసుకోండి. వంపు లోపలి పక్క ఎప్పుడూ నిలబడకండి, టేపు పట్టుకునేవాళ్లు ఇద్దరైతే మూడో మనిషి కేవలం వచ్చే బండ్లనే చూస్తూ ఉండాలి. రాడార్ రీడింగులకు మీ కారును పొదల వెనక పెట్టకండి, పోలీసు అనుకుని సడన్ బ్రేకు వేస్తారు. మొదటి రెండు వారాల 100 మీటర్ల పట్టిక తయారయ్యాక ఇక్కడ పెట్టండి, చూపు దూరం గడి నేను చూస్తాను.